కాఫీతో ఒక్కపొద్దు పోదు

మా అత్తమ్మ నన్ను తిట్టని రోజు లేదు, నేను నోరు మూసుకుని పడిన రోజూ లేదు. అలాంటి మా ఇద్దరి మధ్యకు కాఫీ వచ్చి కూర్చుంది.

వరంగల్‌లో మా వాడకట్టులో అందరివీ చాయ్ ప్రాణాలు. లేస్తే చాయ్, పని నుంచి వస్తే చాయ్, చావు కబురు వచ్చినా ముందు చాయే. ఒక్క మా అత్తమ్మే కాఫీ మనిషి. మా మామ స్టేషన్ ఎదురుగా ఒక ఉడిపి హోటల్లో సర్వర్‌గా బతుకంతా గడిపాడు. మిగిలిన డికాషన్‌ను సీసాలో పోసుకుని ఇంటికి తెచ్చేవాడట. నేను కాపురానికి వచ్చేనాటికే ఆయన లేడు. ఆయన అలవాటు చేసిన కాఫీ, ఒక ఇత్తడి ఫిల్టరు మాత్రం ఆమెకు మిగిలాయి. తెల్లవారకముందే ఆ ఫిల్టరు మీద పిడికిలితో కొట్టి డికాషన్ దించేది. ఆ చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది, మెలకువతోపాటే కోపం కూడా వచ్చేది.

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. మా ఆయన మిల్లులో పనిచేసేవాడు. నాకు మూడోసారి నెల తప్పింది. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. రెండోసారి పోయినప్పుడు అయిదు నెలలు నిండాయి. అప్పుడు నేను గోడవైపు తిరిగి పడుకుని ఎవరితోనూ మాట్లాడలేదు. వాడంతటికీ వినపడేలా అరిచే మనిషిని, గొంతు పెగలక పడి ఉంటే అత్తమ్మ హడలిపోయింది. రోజూ వచ్చి తలగడ పక్కన కూర్చుని, "తిట్టు బిడ్డా, నన్నన్న తిట్టు" అని బతిమాలేది.

అందుకే మూడోసారి కడుపు అని తెలియగానే ఆమె మొక్కులు మొదలుపెట్టింది. శనివారం ఒక్కపొద్దు, సోమవారం ఒక్కపొద్దు, గురువారం ఇంకొకటి. ఏ దేవుడికీ కోపం రావద్దని వారాలన్నీ పంచిపెట్టింది. కాన్పు అయ్యేదాకా తప్పనని కొమ్మాల నర్సింహస్వామికి దండం పెట్టుకుంది.

ఒక్కపొద్దు అంటే పగలంతా ఏమీ తినకుండా, దీపం పెట్టాక ఇంత తినడం. అన్నం, రొట్టె, అటుకులు, అరటిపండు, ఏదీ నోట్లో పడకూడదు. కాఫీ మాత్రం లెక్కలోకి రాదు. ఇది ఆమె కనిపెట్టిన శాస్త్రం కాదు. మా వైపు ఒక్కపొద్దులుండే ఆడవాళ్లంతా నమ్మేదే. కడుపు నింపేదే తిండి, వట్టి పాలు, జావ తాగినా అది తిండి లెక్కే. చాయ్‌తో, కాఫీతో ఒక్కపొద్దు పోదు. దాంతో వారంలో సగం రోజులు ఆమె కడుపులో పొద్దుటి నుంచి దీపాల వేళ దాకా కాఫీ తప్ప ఇంకేదీ పడేది కాదు.

మొదట పుల్లటి తేన్పులు వచ్చాయి. తర్వాత రొమ్ముల నడుమ మంట మొదలైంది. ఆ తర్వాత రెండు పిడికిళ్లు కడుపులోకి అదుముకుని ముందుకు వంగి కూర్చోవడం మొదలుపెట్టింది. తినే సోడా చిటికెడు నీళ్లలో కలుపుకుని గటగటా తాగేది. పెద్ద తేన్పు వస్తే "పోయింది పీడ" అనేది. ఒక్కపొద్దునాడు తల పగిలిపోతుంటే కిరాణా కొట్టులో తలనొప్పి గోలీ కొనుక్కుని, దాన్ని కూడా కాఫీతోనే మింగేది.

"అత్తమ్మా, గా కాఫీనే నిన్ను కాలుస్తాంది" అన్నాను ఒకరోజు.

"నీకేం ఎర్క పిల్లా! తాగంగనే మంట సల్లగైతది. కాల్చేదైతే సల్లగెట్లయితది?"

నిజంగానే తాగగానే ఆమె ముఖం తేటపడేది. కాసేపటికి మళ్లీ వంగిపోయేది. అప్పుడు ఇంకో గ్లాసు.

చౌరస్తా దగ్గర ఒక లేడీ డాక్టరు ఉండేది. నన్ను నెలనెలా చూసేది ఆమే. ఒకసారి తోడు రమ్మనే సాకుతో అత్తమ్మను కూడా తీసుకుపోయాను. డాక్టరమ్మ నన్ను చూసి, ఆమెను కూడా బల్ల మీద పడుకోబెట్టి బొడ్డు పైన వేలితో నొక్కింది. అత్తమ్మ "అవ్వో" అని లేచి కూర్చుంది. ఆమెను బయట కూర్చోబెట్టి డాక్టరమ్మ నాకు చెప్పింది.

"ఖాళీ కడుపులో కాఫీ పడితే లోపల పులుపు ఊరుతది. అందులో పాలుంటాయి కాబట్టి కాసేపు హాయిగ ఉంటది. తర్వాత ఇంకా మండుతది. దానికి తోడు ఆ గోలీలు. అవి కాఫీ కంటె చెడ్డవి. లోపల పుండు పడ్డట్టుంది. ఇగ ఉపవాసాలు బంద్, గోలీలు బంద్, కాఫీ బంద్. రెండు గంటలకోసారి ఏదన్నా మెత్తటిది తినాలె."

నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది. "ఇంకోటి. ఆమెకు చెప్పి భయపెట్టకు. పుండు నుంచి నెత్తురు కారితే వాంతి ఎర్రగ ఉండదు. కాఫీ పొడి కలిపినట్టు ఉంటది. అది కనబడితే ఆగొద్దు. పెద్ద దవాఖానకు ఉరకాలె."

రిక్షాలో వస్తూ ఆ మాటే తలుచుకున్నాను. కాఫీ తప్ప ఇంకేదీ పడని కడుపు ఆమెది. అందులోంచి కాఫీ పొడి లాంటిది బయటికి వస్తే, అది కాఫీయో నెత్తురో నేనెట్లా గుర్తుపట్టాలి? పక్కన కూర్చున్న అత్తమ్మ "ఏమన్నది డాక్టరు? కాఫీ మానుమన్నదా? ఆమె మొగుడు చాయ్ పొడి అమ్ముతాండేమో" అని నవ్వింది.

ఇంటికి రాగానే ఫిల్టరు తీసి బియ్యం డబ్బా అడుగున దాచాను. పొడి పొట్లం పెంటకుప్పలో వేశాను. మా ఆయన అడ్డం రాలేదు కానీ తోడూ రాలేదు. తల్లికీ పెళ్లానికీ నడుమ అడకత్తెరలో పోకచెక్కలా నలుగుతూ మిల్లుకు పోయి వచ్చేవాడు. అత్తమ్మ ఇల్లంతా వెతికి నా ముందు నిలబడింది.

"సచ్చిపోయిన నా మొగుని ఫిల్టర్ దాస్తవానే? నువ్వు మనిషివేనా?"

"మనిషిని కాబట్టే దాచిన. ఇంత జొన్న గట్క తాగు, ఇస్త."

"శనివారం గట్క తాగుమంటవా! నేను ఎవలికోసం ఉంటాన్ననే ఈ ఒక్కపొద్దు?"

"నాకోసం ఉండకు. నీ కాళ్లు మొక్కుత."

"నీకోసం కాదు తియ్యి. నీ కడుపుల ఉన్నదానికోసం" అని ముఖం తిప్పుకుంది.

నేను పెట్టకపోతే ఆగే మనిషా? మరునాటి నుంచే కొంగు చాటున తన ఇత్తడి గ్లాసు పెట్టుకుని బయలుదేరింది. వాడలో కాఫీ దొరికే ఇండ్లు రెండే. పక్కింట్లో గుంటూరు వైపు నుంచి వచ్చి అద్దెకుండే బడి పంతులమ్మది ఒకటి. ఎదురింట్లో బట్టలు కుట్టే ముస్లిం ఆమెది ఇంకొకటి, ఆమెను వాడంతా ఖాలా అని, అంటే పిన్నీ అని, పిలిచేది. నిజానికి ఖాలా ఇంట్లో అందరూ చాయే తాగేవారు. అత్తమ్మ కోసమే ఆమె చిన్న కాఫీ పొట్లం కొని పెట్టుకుంది. మొక్కులో ఉండి ఎవరింట్లో పడితే వాళ్లింట్లో తాగొచ్చా అని ఎవరో అడిగితే అత్తమ్మ, "పాలు గోవుయి, పొడి చెట్టుది, నిప్పుకు కులమున్నదా?" అని వాళ్ల నోరు మూయించిందట.

అంతటితో ఊరుకుంటే మా అత్తమ్మ ఎందుకవుతుంది! కోడలు తనకు గుక్కెడు కాఫీ పొయ్యడం లేదని రెండిండ్లలోనూ కండ్లనీళ్లు పెట్టుకుంది. తాగినట్టు నాకు తెలిస్తే నేను తనను కొడతానని కూడా చెప్పింది. కొట్టడమా! నా నోరు పెద్దదే కానీ చెయ్యి ఏనాడూ లేవలేదు. నల్లా దగ్గర బిందె పెడితే చాలు, గుసగుసలు మొదలయ్యేవి. కడుపుతో ఉన్నదని ఊరుకుంటున్నాం, ముసలిదాన్ని ఎండబెడుతున్నదని ఒకామె నాకు వినపడేలాగే అన్నది. డాక్టరు వద్దన్నది అని చెబితే మూతి తిప్పుకున్నారు. నాబోటి గయ్యాళి చెబితే ఎవరు నమ్ముతారు?

పంతులమ్మను అడిగాను. "అయ్యో, మా ఇంటికి రాలేదమ్మా, నేనివ్వలేదు" అన్నది. అంటుంటేనే ఆమె వంటింట్లోంచి కమ్మటి కాఫీ వాసన వస్తోంది. ఖాలాను అడిగాను. మిషను తొక్కుతూ, తల ఎత్తకుండా, "లేదు బిడ్డా" అన్నది. ఇద్దరూ మంచివాళ్లే. ముసలామె మీద జాలితో నాకు అబద్ధం చెప్పారు. ఆ జాలి ఆమెను చంపుతుందని చెబితే వినేవాళ్లు లేరు.

కార్తీకం వచ్చింది. వారంలో మూడు ఒక్కపొద్దులు చాలవని అత్తమ్మ రోజూ ఉంటానన్నది. చన్నీళ్ల స్నానం, ఖాళీ కడుపు, దొంగ కాఫీ. ముఖం పాలిపోయి సున్నం కొట్టిన గోడలాగా అయింది. రాత్రి నేను కలిపిన ముద్ద రెండు మెతుకులు తిని పక్కకు పెట్టేది. నాకు ఆరో నెల. కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా నాకు సంతోషం కంటే ముందు భయమే వేసేది. ఈ కదలిక కోసం ఆ మనిషి లోపల్లోపల తెగిపోతోంది. ఇదెక్కడి బేరం? ఎవరడిగారు ఆమెను? నాకు ఇద్దరూ కావాలి. ఆ మాట ఆమెకు మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు. అరవడమే వచ్చు.

ఒక శుక్రవారం నల్లా దగ్గర నా ఓపిక తెగిపోయింది. పంతులమ్మ, ఖాలా, ఇంకా పది మంది ఆడవాళ్లు ఉన్నారు. బిందె నేల మీద కొట్టి అరిచాను.

"మా అత్తమ్మకు కాఫీ పోసినోళ్లు ఇసం పోసినట్టే! రేపు ఆమెకేమన్న అయితే మీ గడపల ముందటనే పాడె కడ్త. సూడుండ్రి!"

పంతులమ్మ కండ్లనీళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లింది. వెనక్కి తిరిగితే మా గడపలో అత్తమ్మ నిలబడి ఉంది. నేనన్న మాటంతా విన్నది. తిట్టకపోవడం చూసి నాకు దడ పుట్టింది.

మరునాడు శనివారం. చీకటితోనే స్నానం చేసి దీపం పెట్టుకుంది. పొద్దెక్కాక కొంగు కప్పుకుని బయటికి పోయి, కాసేపటికి వచ్చింది. ఎక్కడికి పోయిందో నేను అడగలేదు. మధ్యాహ్నం మా ఆయన పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి, తిని పడుకున్నాడు. నేను బియ్యం చెరుగుతున్నాను. పెరట్లో బట్టల బండ దగ్గర వాంతి చప్పుడు వినిపించింది.

పరుగెత్తాను. బండ పట్టుకుని కూర్చుని ఉంది. ముందు నేలంతా ముదురు గోధుమ రంగులో, నల్లటి పలుకులు పలుకులుగా, అచ్చం ఫిల్టరు అడుగున మిగిలే పిప్పి.

"ఏందిది అత్తమ్మా?"

"కాఫీ" అన్నది మూతి తుడుచుకుంటూ. "ఖాలా ఇంట్ల తాగిన. పంతులమ్మ ఇంట్ల తాగిన. రెండిండ్ల తాగిన. ఇగ సాలా? పో, పాడె కట్టు."

మా ఆయనను లేపి తెచ్చాను. వంగి చూశాడు. "కాఫీనేనే. పొద్దుటి సంది ఎన్ని గ్లాసులు పోసుకున్నదో. కక్కితే కడుపు ఖాళీ అయితది, మంచిదే. లోపల పండుకోబెట్టు" అన్నాడు.

"దవాఖానకు పోదాం."

"కాఫీ కక్కినందుకా? డాక్టర్లు నవ్వుతరు."

అత్తమ్మ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, చెమటతో తడిగా ఉంది. కార్తీకపు చలి గాలిలో చెమటేమిటి? కానీ దవాఖాన అనగానే ఆమె బండను రెండు చేతులతో పట్టుకుంది. "నేను రాను. ఆడికి పోతే పాలు తాగమంటరు, రొట్టె తినమంటరు. నా శనివారం పోతది. నేను తాగింది కాఫీనే అంటాన్న గద!"

తాగింది కాఫీ అయితే అది కాఫీయే. తాగకపోతే నెత్తురే. ఇంకో దారి లేదు. నేను కడుపు పట్టుకుని పక్కింటికి ఉరికాను.

పంతులమ్మ తలుపు సగమే తీసింది. నా ముఖం చూసి ఇంకా కొంచెం మూసింది.

"అమ్మా, ఇవాళ అత్తమ్మకు కాఫీ ఇచ్చినవా?"

"నిన్న అందరి ముందూ అన్నేసి మాటలన్నావు. ఇంకా ఎందుకిస్తాను తల్లీ? ఇవ్వలేదు."

ఇవ్వలేదు! నిన్నటిదాకా ఇచ్చి కూడా ఇదే మాట చెప్పింది. ఇదే గొంతు, ఇదే ముఖం. ఇవాళ మాత్రం నిజమని నేనెట్లా అనుకోవాలి? "నిజం చెప్పమ్మా, ఇచ్చినా ఏమనను" అంటే, ఆమె "ఒట్టు, ఇవ్వలేదు. నా పిల్లల్ని చూసుకోనివ్వు" అని తలుపు వేసేసింది.

ఎదురింటికి పరుగెత్తాను. ఖాలా మిషను ఆపేసి లేచి నిలబడింది. నేను మళ్లీ లొల్లికే వచ్చాననుకుంది.

"బిడ్డా, నేను ఇయ్యలే" అన్నది నేను నోరు తెరవకముందే.

అప్పుడు నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఖాలా, ఇచ్చిన అను. నీ కాళ్లు మొక్కుత, ఇచ్చిన అను. నేను తిట్టను. ఆమె కాఫీ తాగింది అంటే నాకు పండుగ. ఒక్కసారి ఇచ్చిన అను ఖాలా!"

ఖాలా నన్ను చూసి బిత్తరపోయింది. ఏమైందని అడిగింది. పెరట్లో చూసింది చెప్పాను, డాక్టరమ్మ చెప్పిందీ చెప్పాను. ఆమె అక్కడే కూర్చుండిపోయింది.

"ఇన్ని రోజులు ఇచ్చిన. నిజం. చెప్పొద్దని అక్క మాట తీసుకున్నది, జబాన్ ఇచ్చిన, అందుకే నీకు అబద్ధం చెప్పిన. కానీ ఇవాళ పొద్దుగాల అక్క వచ్చింది. గ్లాసు ముందట పెట్టింది. నేను పొయ్యి ముట్టించబోతే, 'వద్దు చెల్లే. నా కోడలు నిన్ను పది మందిల అన్నది. నావల్ల నీకు మాట పడొద్దు. ఇగ నీ ఇంట్ల తాగ' అని లేచిపోయింది. పంతులమ్మకు కూడా అదే చెప్పొస్త అన్నది. ఇవాళ అక్క ఎక్కడా తాగలే, బేటీ. ఖుదా కసమ్."

నా మాటకు రోషపడి ఆమె కాఫీ ముట్టలేదు. పెరట్లో పడింది కాఫీ కాదు.

ఖాలా బురఖా కూడా వేసుకోకుండా నా వెంట ఉరికి వచ్చింది. మేం వెళ్లేసరికి అత్తమ్మ బండకు ఆనుకుని కండ్లు మూసుకుని ఉంది. ముందు ఇంకో వాంతి. "ఖాలా కాఫీ ఇయ్యలే. పంతులమ్మ ఇయ్యలే. అది నెత్తురు!" అని నేను అరిచిన అరుపుకు మా ఆయన మంచం మీద నుంచి ఎగిరి పడ్డాడు. తల్లిని పసిపిల్లలా ఎత్తుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు. రిక్షాలో ఆమె తల ఖాలా ఒడిలో, కాళ్లు నా ఒడిలో. ఆయన వెనక నుంచి తోస్తూ ఉరికాడు. దారి పొడుగునా అత్తమ్మ గొణుగుతూనే ఉంది. "పాలు తాపొద్దు. ఇవాళ శనివారం."

పెద్ద దవాఖానలో చిన్న వయసు డాక్టరు ఒకాయన ఉన్నాడు. ఏమైందని అడిగితే అలవాటు కొద్దీ మా ఆయన "కాఫీ వాంతి సార్" అన్నాడు.

"కాఫీ కాదు సార్. ఈమె తాగలే. నేను రెండిండ్లు అడిగి వచ్చిన" అన్నాను.

డాక్టరు ఆమె కనురెప్ప కిందికి లాగి చూశాడు. నాడి చూశాడు. వెంటనే కేకలు మొదలయ్యాయి. ముక్కులోంచి గొట్టం వేసి చల్లటి నీళ్లతో కడుపు కడిగారు. మా ఆయన నెత్తురు తీసి ఆమెకు ఎక్కించారు. ఇంకా ఆలస్యం చేస్తే దక్కేది కాదని చెప్పారు. నేను వరండాలో గోడకు ఆనుకుని నిలబడి, కడుపు మీద చెయ్యి వేసుకుని, నాకు తెలిసిన దేవుళ్లందర్నీ తిట్టాను. మొక్కడం అప్పటికి నాకు చాతకాలేదు.

తెల్లవారి నెత్తురు ఆగిందన్నారు. ఆ మరునాడు గొట్టం తీసేసి, కొంచెం కొంచెంగా పాలు, జావ పట్టమన్నారు. కడుపు ఖాళీగా ఉంటే పుండు మళ్లీ తెగుతుందని, ఈసారి తెగితే తమ చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరు ఆమె ముఖం మీదే చెప్పాడు. నేను గ్లాసులో జావ తెచ్చాను. ఆమె పెదవులు బిగించింది.

"ఇవాళ సోమారం."

మా ఆయన కాళ్లు పట్టుకున్నాడు. "అవ్వా, నీకు దండం పెడ్త" అని ఏడ్చాడు. ఆమె గోడవైపు తిరిగింది. "ఇప్పటికి రెండు పోయినయ్. నేను మొక్కు తప్పితే ఇది కూడ పోతది. నాకు వయసైంది, పోతే పోత. నన్ను సతాయించకుండ్రి."

నాకు ఒళ్లు మండిపోయింది. జావ గ్లాసు స్టూలు మీద పెట్టి, ఆమె మంచం పక్కన నేల మీద చతికిలబడ్డాను. ఖాలా నాకోసం టిఫిన్‌లో అన్నం, పప్పు తెచ్చింది. మూత కూడా తీయలేదు.

"నువ్వు తినేదాక నేను తినను" అన్నాను.

"వేషాలెయ్యకు. కడుపుతోని ఉన్నదానివి."

"నీకు మొక్కుంటే నాకూ మొక్కే. ఏ దేవుడు ముందు దిగొస్తడో సూద్దాం."

పొద్దెక్కింది. వార్డులో మిగతా రోగులంతా మమ్మల్నే చూస్తున్నారు. నర్సు వచ్చి ఇద్దర్నీ తిట్టింది. ఆకలికి నా కండ్లు బైర్లు కమ్మాయి, కడుపులో బిడ్డ గట్టిగా తన్నింది. "అమ్మా" అని నేను నడుం పట్టుకుని పక్కకు ఒరిగాను. నటన కాదు, నిజంగానే తల తిరిగింది. అత్తమ్మ ఒక్క ఉదుటున లేచి కూర్చుంది.

"తే! ఆ గలాస తే ఇటు! మొండిముండవు, నా బిడ్డను మాడుస్తానవ్!"

గ్లాసు పెదవుల దాకా తెచ్చుకుని ఆగింది. "నేను తింట. మరి నీకు ఏమన్న అయితే?"

"నాకేం కాదు."

"అయితే?"

"అయితే నాది. నీ మీదికి రానియ్య. కానీ నువ్వు లేకుంట బిడ్డను కని నేనేం చేసుకోవాలె అత్తమ్మా? నాకు నువ్వు కావాలె." జీవితంలో మొదటిసారి అరవకుండా చెప్పాను. "మాటియ్యి. రెండు గంటలకోసారి తింట అను. ఏ వారమైనా. ఏమైనా."

"ఏమైనా తింట" అన్నది. కండ్లు గట్టిగా మూసుకుని, విషం తాగినట్టుగా ఆ జావ తాగింది.

ఇంటికి వచ్చాక మాట నిలబెట్టుకుంది. కానీ ఒక్క ముద్ద కూడా నెమ్మదిగా దిగలేదు ఆమెకు. జావ, మజ్జిగన్నం, మెత్తటి ఇడ్లీ, ఏది తిన్నా మధ్యలో ఆగి నా కడుపు వైపు చూసేది. నా ముఖం కొంచెం ముడుచుకుంటే గిన్నె కింద పెట్టేది. నేను కండ్లెర్రజేస్తే మళ్లీ ఎత్తుకునేది. ఖాలా, పంతులమ్మ వంతులేసుకుని వచ్చి ఆమె తినేదాకా ఎదురుగా కూర్చునేవారు. పుండు మానింది. భయం మాత్రం మానలేదు. నాకూ లోపల అదే భయం. ఆమె తిన్న ప్రతి ముద్దకూ నేనే పూచీ పడ్డాను కదా. ఏదైనా అయితే వాడంతా ఏమంటుందో నాకు తెలుసు. ఆమె ఏమీ అనదని కూడా తెలుసు. అదే నాకు ఎక్కువ భయం.

నొప్పులు వచ్చాక కాన్పు ఒక పట్టాన కాలేదు. బిడ్డ అడ్డం తిరిగిందన్నారు. నా అరుపులు వరండా దాకా వినిపించాయట. బయట జరిగింది తర్వాత ఖాలా చెప్పింది. అత్తమ్మ తినే వేళ అయింది. ఖాలా పెరుగన్నం గిన్నె చేతికిస్తే దాన్ని ఒళ్లో పెట్టుకుని తలుపు వైపే చూస్తూ కూర్చుంది. ఆ రోజు శనివారం. లోపలి నుంచి నేను ఇంకో కేక పెట్టాను. ఇవాళ ఒక్కరోజు ఆపితే ఏమైతదని ఖాలాకే అనిపించిందట, గిన్నె తీసుకోబోయిందట. అత్తమ్మ ఇవ్వలేదు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. కండ్లనీళ్లు గిన్నెలో పడుతున్నాయి. ముద్ద ముద్దకూ, "సామీ, కోపం చెయ్యకు. దానికి మాటిచ్చిన" అంటోంది. పక్క బెంచీ మీద కూర్చున్న ఎవరో ఒకామె, "కోడలు లోపల గొంతు చించుకుంటాంటే ఈ ముసల్దానికి ముద్దలెట్ల దిగుతున్నయో" అన్నది. ఖాలా ఆమె మీదికి లేవబోతే అత్తమ్మ చెయ్యి పట్టి ఆపింది. నోట్లో ముద్ద ఉంది, మాట్లాడలేకపోయింది. నమలడం మాత్రం ఆపలేదు.

బిడ్డ ఏడుపు వినిపించాక తలుపు తీశారు. అందరికంటే ముందు అత్తమ్మే వచ్చింది. చేతికి ఇంకా పెరుగన్నం అంటుకునే ఉంది. ఆడపిల్లా, మగపిల్లాడా అని అడగలేదు. నర్సు చేతిలోని బిడ్డ వైపు చూడను కూడా లేదు. తిన్నగా నా మంచం దగ్గరికి వచ్చి, మెతుకులంటిన చెయ్యి నా ముఖం ముందు పెట్టింది.

"మొత్తం తిన్న బిడ్డా" అన్నది. "ఏం మిగల్చలే."